2003లో ఇరాక్ యుద్ధం వద్దన్న తెలుగువాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

ప్రవీణ్_ఆస్టిన్:

అందరికీ నమస్కారం. నేను 2009లో అమెరికా వచ్చాను, ఆస్టిన్‌లో ఉంటాం. మా పాప ఇక్కడే పుట్టింది, ఇప్పుడు పదో తరగతి. హిస్టరీ క్లాసులో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇరాక్ యుద్ధం మొదలైన రోజుల్లో పెద్దవాళ్లుగా ఉన్న ఎవరితోనైనా మాట్లాడి, వాళ్లు చూసిందీ విన్నదీ రాయాలి. పాప తీసుకున్న ప్రశ్న: “యుద్ధం వద్దన్నవాళ్లకు ఆ రోజుకి ఏం తెలుసు?”

పోయిన శనివారం నాలుగు కుటుంబాలం మా ఇంట్లో భోజనాలకు కలిశాం. పాప ఈ ప్రాజెక్టు సంగతి చెప్పింది. ఇక్కడ పాతికేళ్లుగా ఉంటున్న ఒక స్నేహితుడు వెంటనే అందుకున్నాడు. “యుద్ధానికి కారణంగా చెప్పిన సామూహిక విధ్వంసక ఆయుధాలు ఇరాక్‌లో లేవని తర్వాత తెలిసింది. అప్పట్లో అందరూ ఉన్నాయనే అనుకున్నారు. జరిగిపోయాక ఎవరైనా చెబుతారు” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “మనం బతకడానికి వచ్చాం. వాళ్ల యుద్ధాలు వాళ్లు చూసుకుంటారు. పిల్లకు ఇలాంటివి అలవాటు చెయ్యకు” అన్నాడు. పాప ప్లేటు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నాకు నిజంగా తెలియదు. అప్పుడు నేను గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాను, టీవీలో బాంబులు పడడం చూడడమే. ఆ రోజుల్లో ఇక్కడే ఉండి, యుద్ధం వద్దన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మా స్నేహితుడు అన్నది నిజమేనా?

నది_అవతల:

నాది కొంతవరకు మీ స్నేహితుడి పక్షమే. 2001 సెప్టెంబరు 11న నేను జెర్సీ సిటీలో ఉన్నాను. నది ఇవతలి నుంచి ఆ పొగ చూశాను. మా బిల్డింగులో ఉండే ఒకాయన ఆ రోజు ఇంటికి రాలేదు, ఇక రాలేదు కూడా. ఆ తర్వాత రెండేళ్లు ఏ విమానం కాస్త కిందుగా ఎగిరినా తల పైకెత్తి చూసేవాళ్లం. అలాంటి స్థితిలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పవెల్ లాంటి మనిషి ఐక్యరాజ్యసమితిలో కూర్చుని, చిన్న సీసా చేత్తో పట్టుకుని ఇరాక్ దగ్గర ఆ ఆయుధాలున్నాయని చెబుతుంటే నమ్మాను. అబద్ధం చెప్పే మనిషిలా కనిపించలేదు.

ఇంకో మాట. సైన్యం బయల్దేరాక కూడా రోడ్ల మీద నినాదాలు చేయడం నాకు నచ్చలేదు. అక్కడ ప్రాణాలొడ్డి నిలబడిన పిల్లల మనసు ఏమవుతుంది? ముందు ఎంతైనా వాదించుకోండి, మొదలయ్యాక ఒక్కటిగా ఉండాలి అనుకునేవాణ్ణి. ఇప్పటికీ ఆ విషయంలో నాకు పూర్తిగా తేలలేదు.

సుధ_రాజంపేట:

ప్రవీణ్ గారూ, నేను ఉన్నాను. అప్పుడు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉండేవాళ్లం. 2003 ఫిబ్రవరి 15న న్యూయార్క్ సభకు వెళ్లాను. పాపతో తప్పకుండా మాట్లాడతాను. ముందు ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. “జరిగిపోయాక ఎవరైనా చెబుతారు” అనే మాట ఇరవై ఏళ్లుగా వింటున్నాను, విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

మాది రాజంపేట దగ్గర పల్లె. మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. మా నాన్న కూడా అక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా చేసేవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. నెలన్నర పాటు ఉత్తరం లేదు, ఫోను లేదు. అమ్మ రోజూ పోస్టాఫీసు దాకా నడిచివెళ్లి ఉత్త చేతులతో వచ్చేది. నాన్న బస్సులో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, ఎడారిలో గుడారాల కింద రోజులు గడిపి, అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎక్కాడు. అప్పుడు మనవాళ్లను దాదాపు లక్షా డెబ్భై వేల మందిని వెనక్కి తెచ్చారు. బొంబాయిలో దిగి, మద్రాసు రైలెక్కి, రాజంపేట స్టేషన్‌లో దిగాడు. చేతిలో ఒక రెక్సిన్ బ్యాగు. అందులో రెండు చొక్కాలు, యజమాని కారు రెండో తాళంచెవి. కారును సైనికులు పట్టుకుపోయారు, ఆ తాళంచెవి మాత్రం నాన్న దగ్గర ఉండిపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది.

కాబట్టి సద్దాం ఎలాంటివాడో మా ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1988లో హలబ్జాలో కుర్దుల మీద విషవాయువు వదిలిన మనిషి అతను. అతని మీద నాకు రవ్వంత జాలి కూడా లేదు.

కానీ 2002 చివర్లో నాకు ఒకటి అర్థమవుతూ వచ్చింది. “సద్దాం దుర్మార్గుడు” అన్నది ఒక మాట. “సద్దాం దగ్గర ఇప్పుడు ఆ ఆయుధాలున్నాయి, రేపో మాపో మన మీద వాడతాడు” అన్నది ఇంకో మాట. టీవీలో రెంటినీ కలిపి ఒకే ముద్ద చేసి వడ్డించేవాళ్లు. రెండోదానికి రుజువేదని అడిగితే మొదటిది చెప్పేవాళ్లు. “అయితే నువ్వు సద్దాంని వెనకేసుకొస్తున్నావా?” అని నన్నే ఎదురడిగేవాళ్లు. అతని వల్ల ఇల్లూ ఉద్యోగమూ పోగొట్టుకున్న మనిషి కూతుర్ని నేను!

నేను అప్పుడు హెచ్-4 వీసా మీద, అంటే ఆయన ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఉన్నాను. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పొద్దున్నే ఆయన ఆఫీసుకు వెళ్లాక నేను లైబ్రరీకి వెళ్లి సాయంత్రం దాకా పత్రికలు చదివేదాన్ని. అక్కడే ఒక పెద్దావిడ పరిచయమైంది. ఆవిడ తమ్ముడు 1968లో వియత్నాంలో చనిపోయాడు. వియత్నాం పక్కనున్న టొంకిన్ సింధుశాఖ సంగతి నాకు చెప్పింది ఆవిడే. 1964 ఆగస్టు 4 రాత్రి అమెరికా నౌకల మీద రెండోసారి దాడి జరిగిందన్నారు. మూడు రోజుల్లో యుద్ధానికి అనుమతినిస్తూ తీర్మానం అయిపోయింది. ప్రతినిధుల సభలో వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేదు. సెనేట్‌లో ఇద్దరే, వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఆ రెండో దాడి అసలు జరగనేలేదు. “ఆ ఇద్దరితో పాటు ఇంకో యాభై మంది అడిగి ఉంటే మా తమ్ముడు ఉండేవాడేమో” అని ఆవిడ నెమ్మదిగా, పక్కవాళ్లకు ఇబ్బంది కాకుండా చెప్పింది. లైబ్రరీ కదా.

1990లో కూడా ఇలాంటిదే జరిగింది. ఆ అక్టోబరులో పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె వాషింగ్టన్‌లో కన్నీళ్లతో చెప్పింది, ఇరాక్ సైనికులు కువైట్ ఆసుపత్రిలో ఇంక్యుబేటర్ల నుంచి పసిపిల్లల్ని తీసి నేలమీద పడేయడం చూశానని. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని 1992లో గానీ బయటపడలేదు. ఆ కథకు ఆధారమూ దొరకలేదు. చూడండి, కువైట్‌ని ఆక్రమించడం నిజం, మా నాన్న కష్టం నిజం. నిజంగా జరిగిన అన్యాయానికి కూడా అబద్ధం తొడగాల్సి వచ్చింది.

ఇక అసలు ప్రశ్న, ఆ రోజుకి ఏం తెలుసు. తారీఖులతో చెబుతాను, పాప రాసుకుంటుంది.

ఆ ఆయుధాల కోసం వెతికే ఐక్యరాజ్యసమితి తనిఖీ బృందాలు 2002 నవంబరులోనే మళ్లీ ఇరాక్‌లోకి వెళ్లాయి. 2003 ఫిబ్రవరి 14న, అంటే మేం సభకు వెళ్లే ముందురోజు, ఆ బృందాల అధిపతి హాన్స్ బ్లిక్స్ భద్రతామండలిలో మాట్లాడాడు. నేను టీవీలో మొత్తం విన్నాను. అప్పటికి మూడు వందలకు పైగా చోట్ల, నాలుగు వందలకు పైగా తనిఖీలు చేశారు. ఖాళీ రసాయన గుండ్లు కొద్దిగా తప్ప అలాంటి ఆయుధాలేమీ దొరకలేదన్నాడు. లెక్క తేలనివి చాలా ఉన్నాయని కూడా దాచకుండా చెప్పాడు. అయితే లెక్క తేలలేదు కాబట్టి ఉన్నట్టే అని తీర్మానించకూడదన్నాడు, లేవనీ చెప్పలేమన్నాడు. ఇంతకంటే పద్ధతిగా ఎవరు మాట్లాడతారు? అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ అణు కార్యక్రమం జరుగుతున్న ఆనవాళ్లు లేవన్నాడు.

మార్చి 7న ఎల్‌బరాదీ ఇంకోటి చెప్పాడు. ఇరాక్ ఆఫ్రికాలో యురేనియం కొనబోయిందనడానికి చూపించిన నైజర్ కాగితాలు అసలైనవి కావని. జనవరి 28న అధ్యక్షుడు బుష్ దేశమంతా వినేలా చెప్పిన మాట ఆ ఆఫ్రికా యురేనియం. కాగితాలు నకిలీవని తేలిన రెండు వారాల లోపే బాంబులు పడ్డాయి. మరి దీన్ని “తర్వాత తెలిసింది” అనడం ఎలా కుదురుతుంది? అది మర్నాటి పత్రికల్లో ఉంది. నేను లైబ్రరీ బల్ల మీద చదివాను. “అందరూ ఉన్నాయనే అనుకున్నారు” అనేదీ నిజం కాదు. 2002 అక్టోబరులో సెనేట్‌లో 23 మంది, ప్రతినిధుల సభలో 133 మంది యుద్ధానికి అనుమతి వద్దని ఓటేశారు.

నది అవతల గారూ, మీరు చూసిన పొగ, మీ బిల్డింగులో ఇంటికి రాని ఆ మనిషి, వాటి ముందు నేను వాదన పెట్టను. మీ భయం నిజం. కానీ ఆ విమానాలు ఎత్తుకెళ్లిన పందొమ్మిది మందిలో ఒక్క ఇరాకీ లేడు, పదిహేను మంది సౌదీవాళ్లు. ఆ సంగతి కూడా 2003 నాటికి అందరికీ తెలుసు. భయం మీది, దాన్ని వాడుకున్నది వేరేవాళ్లు. పవెల్ కూడా ఆ ప్రసంగం తన పేరుకు మచ్చ అని 2005లో ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి 15 సంగతి. ఊరేగింపుకు అనుమతి ఇవ్వలేదు. కోర్టు కూడా ఇవ్వక్కర్లేదంది. ఐక్యరాజ్యసమితి భవనానికి దగ్గర్లో ఫస్ట్ అవెన్యూలో నిలబడి సభ పెట్టుకోమన్నారు. మా ఆయనకు టెన్షన్. గ్రీన్‌కార్డు కాగితాలు అప్పుడే కదిలాయి. వద్దని అనలేదు. బయల్దేరేటప్పుడు బాల్‌పెన్‌తో నా మణికట్టు మీద లాయరు ఫోన్ నంబరు రాసి, పైన గ్లవ్ లాగి, “చెమటకు చెరిగిపోతుందేమో చూసుకో” అన్నాడు. ఆ చలికి చెమటా! పెన్ స్టేషన్‌లో దిగి ఆ పెద్దావిడా నేనూ నడుచుకుంటూ వెళ్లాం. ఫస్ట్ అవెన్యూ దాకా చేరలేకపోయాం. థర్డ్ అవెన్యూలోనే ఇనప కంచెల మధ్య ఇరుక్కుపోయాం. గుర్రాల మీద పోలీసులు. గుర్రం ఊపిరి వదిలితే పొగలా వచ్చి మా మొహాల మీద పడేది. నా చేతిలో టీవీ అట్టపెట్టె నుంచి కోసిన ముక్క. దాని మీద ఇంగ్లీషులో “ఆధారం చూపించండి” అని, కింద తెలుగులో “రుజువేది?” అని రాశాను. పక్కన నిలబడ్డ కుర్రాడు అది ఏ భాష అని అడిగి, తన అట్ట వెనక కూడా రాయించుకున్నాడు. ఆ పెద్దావిడ ఫ్లాస్కులో తెచ్చిన టీ మూతతో పోసి ఇచ్చింది. పోలీసులు లక్ష మంది వచ్చారన్నారు, సభ పెట్టినవాళ్లు అంతకు ఎన్నో రెట్లన్నారు. అదే రోజు లండన్‌లో, రోమ్‌లో కూడా లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు.

యుద్ధం ఆగలేదు. మార్చి 20న బాగ్దాద్ మీద మొదలైంది.

ఏప్రిల్‌లో ఉగాది సంబరాలు ఒక స్కూలు ఆడిటోరియంలో. పచ్చడి కాగితపు కప్పు చేతిలో ఉంది. ఒక పెద్దాయన అందరి ముందు నన్ను పట్టుకున్నాడు. “వీళ్ల ఉప్పు తింటూ వీళ్లనే అంటావామ్మా?” అని. చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపేశారు. “అంకుల్, ఉప్పు తిన్నాం కాబట్టే అడుగుతున్నాం. ఇంట్లోవాళ్లు గోతి వైపు నడుస్తుంటే ఉప్పు తిన్నవాడు చూస్తూ ఊరుకుంటాడా?” అన్నాను. గొంతు వణికింది. ఆ తర్వాత రెండు కుటుంబాలు మమ్మల్ని పిలవడం మానేశాయి. మా బాబు పుట్టినరోజుకు రమ్మని ఫోన్ చేస్తే వేరే పనుందన్నారు. దాని బాధ ఇప్పటికీ ఉంది, లేదంటే అబద్ధం.

నాకే అలా ఉంటే పేరున్నవాళ్లకు ఎలా ఉంటుంది? డిక్సీ చిక్స్ అనే పాటల బృందంలోని గాయని లండన్ వేదిక మీద యుద్ధం వద్దని ఒక్క మాట అన్నందుకు రేడియోలు వాళ్ల పాటలు ఆపేశాయి. 2001లో సెప్టెంబరు దాడుల తర్వాత సైన్యాన్ని వాడడానికి అనుమతినిచ్చే తీర్మానం మీద, ఒక్క బార్బరా లీ ప్రతినిధుల సభలో 420 మందికి ఎదురు నిలబడి వద్దని ఓటేస్తే చంపుతామని బెదిరింపులు వచ్చాయి. మన భారతంలో వికర్ణుడున్నాడు కదా, నిండు సభలో పెద్దలంతా తలలు దించుకుంటే లేచి ఇది అన్యాయమన్నవాడు. కర్ణుడు ఏమన్నాడు? నువ్వు చిన్నవాడివి, నీకేం తెలుసు అన్నాడు.

మాధవరం_మాజీ:

అమ్మా సుధా, మాది పశ్చిమ గోదావరి మాధవరం. మిలిటరీ మాధవరం అంటారు. నేను 24 ఏళ్లు ఆర్మీలో చేసి రిటైరయ్యాను. సైనికుల మనసు ఏమవుతుందని పైన ఒకరు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

2003 వేసవిలో మాకు ఇదే మాట. ఇరాక్‌కు మన సైన్యాన్ని ఒక డివిజన్, పదిహేను పదిహేడు వేల మందిని, పంపమని అమెరికా అడిగింది. పంపుతారట, పంపరట అని రోజూ బ్యారక్‌లో చర్చ. మా ఆవిడ ఉత్తరం రాసింది, నీ పేరుందా అని. పేరుంటే వెళ్తాం, అందులో రెండో మాట లేదు. ఇక్కడ పార్లమెంటులో, పత్రికల్లో, బయట జనంలో గట్టిగా వాదించారు. జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపేది లేదని చెప్పేసింది.

సైనికుడు ఎందుకని అడగడు. అడగకూడదు. అది మా క్రమశిక్షణ. మా తరఫున అడగాల్సింది యూనిఫాం లేనివాళ్లే. అలా అడిగినవాళ్ల మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. అడగకుండా చప్పట్లు కొట్టి పంపేసి, శవపేటిక వచ్చాక పూలు చల్లేవాళ్లను చూస్తేనే నాకు బాధ. ఇరాక్‌లో అమెరికా కుర్రాళ్లు దాదాపు నాలుగున్నర వేల మంది పోయారు. అక్కడి మామూలు జనం లక్షకు పైగా. ఏ ఇంట్లో అయినా ఏడుపు ఒక్కటే కదమ్మా.

బోస్టన్_విద్యార్థి:

సుధక్కా, చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. కానీ ఒకటి చెప్పాలి. నేను ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాను. 2025 మార్చిలో మా పక్క ఊళ్లోనే టర్కీకి చెందిన ఒక పీహెచ్‌డీ విద్యార్థినిని వీధిలో పట్టుకెళ్లారు. కాలేజీ పత్రికలో గాజా గురించి నలుగురు కలిసి రాసిన వ్యాసంలో ఆమె పేరుంది. వీసా రద్దు చేసి, లూసియానాలో ఆరు వారాలు నిర్బంధంలో పెట్టారు. జడ్జి ఆదేశిస్తే విడుదలైంది. అప్పటి నుంచి నేను ఫోన్‌లో లైక్ కొట్టడానికి కూడా వంద సార్లు ఆలోచిస్తున్నాను. అమ్మా నాన్నా ఇల్లు తాకట్టు పెట్టి పంపారు. మాలాంటివాళ్లను మాట్లాడమని అనకండి, ప్లీజ్.

సుధ_రాజంపేట:

తమ్ముడూ, నిన్ను మాట్లాడమని నేను అనను. నీ పరిస్థితి నాకు తెలుసు. ఆ నంబరు నా మణికట్టు మీద ఉండింది కదా. వీసా మీద ఉన్నవాళ్లు లాయరుతో మాట్లాడాకే అడుగేయాలి. కానీ నీ భయం నీ తప్పనుకోకు. హక్కు నీకూ ఉంది. హ్యారీ బ్రిడ్జెస్ అని ఆస్ట్రేలియాలో పుట్టిన రేవు కార్మికుల నాయకుణ్ణి దేశం నుంచి పంపేయాలని చూస్తే, ఈ దేశంలో ఉంటున్న విదేశీయులకూ మాట్లాడే స్వేచ్ఛ ఉందని సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. కాగితం మీది హక్కు నిలవాలంటే భయం లేనివాళ్లు వాడుతూ ఉండాలి. నీ బదులు ఇప్పుడు నేను మాట్లాడగలను, పౌరసత్వం వచ్చింది. అప్పట్లో ఆ పెద్దావిడ నా పక్కన నిలబడింది కూడా అందుకే.

మాధవరం బాబాయ్ గారూ, మీ మాట మా నాన్నకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయనకు 78. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, బస్రా దాటాక బస్సు ఆగినప్పుడు ఒక ఇరాకీ ముసలామె కుండతో నీళ్లు తెచ్చి అందరికీ పోసిందని చెప్పాడు. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు ఆ సంగతి. “2003లో టీవీ చూస్తుంటే ఆమే గుర్తొచ్చేది” అన్నాడు.

ప్రవీణ్ గారూ, పాపకు ఒకటి చెప్పండి. 1965లో డి మోయిన్ అనే ఊళ్లో పదమూడేళ్ల మేరీ బెత్ టింకర్ వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్లగుడ్డ కట్టుకుని బడికెళ్తే సస్పెండ్ చేశారు. 1969లో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పిచ్చింది, ఏడుగురు జడ్జీలు వాళ్ల వైపు, ఇద్దరు ఎదురు. మీ పాప కంటే చిన్నది ఆ పిల్ల.

నది_అవతల:

సుధ గారూ, మార్చి 7 సంగతి నేను నిజంగా ఇప్పుడే తెలుసుకున్నాను. ఆ రోజుల్లో టీవీ ఒక్కటే చూసేవాణ్ణి. మాధవరం పెద్దాయన చెప్పింది కూడా ఆలోచిస్తున్నాను. ప్రవీణ్ గారూ, పాపకు ఇష్టమైతే నాతోనూ మాట్లాడమనండి. నమ్మినవాణ్ణి ఎందుకు నమ్మానో చెబుతాను, అదీ రాసుకోవాలి కదా.

ప్రవీణ్_ఆస్టిన్:

అందరికీ చాలా కృతజ్ఞతలు. రాత్రి పాపను పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించాను. తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. మధ్యలో రెండుసార్లు ఆపించి నోట్స్ రాసుకుంది. సుధ గారూ, ఈ ఆదివారం మీ టైము పొద్దున పదకొండుకు ఫోన్ చేయొచ్చా? నది అవతల గారికి ఆ తర్వాత చేస్తుంది. పద్నాలుగు ప్రశ్నలు సిద్ధం చేసుకుంది. మొదటిది, ఆ అట్టముక్క ఇంకా మీ దగ్గర ఉందా అని. తాళంచెవి ఫోటో కూడా కావాలట.